రోడ్డు వెడల్పు చేస్తే నెల్లూరు ట్రాఫిక్ తీరుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ట్రంక్ రోడ్డుకు దగ్గర్లో మీ నాన్నగారి కాలం నుంచి ఫ్యాన్సీ షాపు ఉందన్నారు. రోడ్డు వెడల్పు చేస్తారని, షాపు ముందు ఆరడుగులు పోతుందని వీధిలో అనుకుంటున్నారట. "పోతే పోయిందిలే, నిజంగా ఊరి ట్రాఫిక్ తీరుతుందా? దానికంటే ఫ్లైఓవర్ వేస్తే మేలా? తీసుకున్న స్థలానికి మాకేమిస్తారు?" అని మూడు సంగతులు అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా రోడ్ల పనుల్లోనే ఉండి రిటైరైన ఇంజినీరుని. పుట్టింది, ఇప్పుడు ఉంటున్నది నెల్లూరే. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, వెడల్పు ఒక్కటే చేస్తే తీరదు. ఏడాది, మహా అయితే రెండేళ్లు కాస్త ఊపిరాడుతుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అట్లాగని వెడల్పు అసలు వద్దని నేను అనను. ఏ పని ముందు, ఏ పని వెనక అన్న దగ్గరే మన ఊళ్లు దెబ్బతింటున్నాయి. గోడలు దించడం పదిమందికీ కనపడుతుంది కాబట్టి అదే ముందు మొదలవుతుంది. సెంటర్లు, అంటే కూడళ్లు సరిచేయడం, రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలవకుండా చూడడం, లారీలను ఊరి బయటే మళ్లించడం ఎవరికీ పెద్దగా కనపడవు. ముడి పడింది మాత్రం అక్కడే.

నేను అసిస్టెంట్ ఇంజినీరుగా (ఏఈ) చేరిన కొత్తలో ఒక చిన్న పట్నంలో బజారు రోడ్డు వెడల్పు పని నా చేతుల మీదుగా జరిగింది. రెండు పక్కలా ఆరేసి అడుగులు తీశాం. అక్కడ సోడా కొట్టు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పక్క షాపుల వాళ్లు కోర్టుకు పోతామంటుంటే ఆయన మాత్రం "ఊరందరూ నడిచేదానికే గదా సార్, తీసుకోండి" అని కొడుకుని వెంటబెట్టుకుని తన గోడ తనే దించుకున్నాడు. కొట్టు సగమైంది. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద ఆ ఊరు పోయాను. ఆయన వదిలిన ఆరడుగుల్లో మోటారు సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కరెంటు స్తంభం పాత చోటునే ఉంది. పోల్ షిఫ్టింగ్‌కు ఎస్టిమేట్‌లో డబ్బు పెట్టలేదు మరి. దానికి అవతల ఉన్న వెడల్పు ఏ బండికీ అక్కరకు రావడం లేదు. సెంటర్లో బండ్లు ఎప్పటిలాగే ఆగిపోయి ఉన్నాయి. పెద్దాయన నన్ను గుర్తుపట్టి గోళీ సోడా కొట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆయన స్థలం తీసుకుని మేము ఆ ఊరికి చేసిన మేలు ఏమీ లేదు. అప్పట్నుంచి ఏ వెడల్పు ఫైలు నా బల్ల మీదికి వచ్చినా ముందు ఆ రోడ్డుకు రెండు కొసలా ఉన్న సెంటర్లు చూసొచ్చేవాణ్ని, తర్వాతే ఫైలు విప్పేవాణ్ని.

ఎందుకో లెక్కలో చూపిస్తాను. కష్టమైన లెక్కేం కాదు. పంటకాలువ ఎంత వెడల్పున్నా తూము ఎంతుంటే అన్ని నీళ్లే పారతాయి. ఊళ్లో రోడ్డుకు తూము అంటే సిగ్నల్ గీత దగ్గరుండే మూతి. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో బండ్లను కారు లెక్కన కొలుస్తాం, దాన్నే పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటాం. కారు ఒకటి. మోటారు సైకిలు అర నుంచి ముప్పావు. ఆటో 1.2 నుంచి 2. బస్సు, లారీ అయితే 2.2 నుంచి 3.7 దాకా. ట్రాఫిక్‌లో ఆ రకం బండ్లు పెరిగే కొద్దీ విలువ కూడా పెరుగుతుంది. సిగ్నల్ మూతి 7 మీటర్లుందనుకోండి. పచ్చలైటు గంటసేపు ఆరకుండా వెలిగితే మీటరుకు 525 చొప్పున 3,675 పీసీయూలు దాటతాయి. కానీ నాలుగు వైపులకూ పంచాలి గదా. సిగ్నల్ నాలుగు వైపులా ఒక చుట్టు తిరిగే 120 సెకన్లలో మన వైపుకు 40 సెకన్లు వస్తే గంటకు దాటేది అందులో మూడో వంతు, అంటే 1,225.

ఇప్పుడు ఆ గీతకు ముందున్న నలభై యాభై మీటర్లలో ఒక తోపుడు బండి, నాలుగు బైకులు, మనుషుల కోసం ఆగిన ఒక షేర్ ఆటో కలిసి రెండు మీటర్లు తినేశాయనుకోండి. మూతి 5 మీటర్లకు దిగింది. ఇరుకు మూతులకు వేరే పట్టిక ఉంది, అందులో 5 మీటర్లకు 2,550. మూడో వంతు 850. అంటే గంటకు 375 పీసీయూలు పోయాయి. మోటారు సైకిళ్లలో చెప్పాలంటే 500 నుంచి 750 బండ్లు. ఒక్క గోడ దించకుండా, ఆ యాభై మీటర్లు ఖాళీగా ఉంచితే చాలు, అవన్నీ తిరిగొస్తాయి. అదే మీ షాపు దగ్గర రోడ్డును పది మీటర్లు చేసి, సెంటర్లో మూతిని ఐదు మీటర్లకే వదిలేస్తే గంటకు దాటేవి ఆ 850యే. మీరిచ్చిన ఆరడుగులు క్యూ నిలబడేదానికి పనికొస్తాయంతే.

సాయంత్రం ఆరున్నరకు విఆర్‌సీ సెంటర్లోనో గాంధీబొమ్మ దగ్గరో ఒక అరగంట ఊరికే నిలబడి చూడండి. సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకు తిరిగిపోవాల్సిన (ఫ్రీ లెఫ్ట్) బండ్లకు దారి ఉండదు, నేరుగా పోయే బండ్లు ఎడమ కొసదాకా వచ్చి నిలబడతాయి. ఆటోలు జనాన్ని దించేది, ఎక్కించుకునేది సరిగ్గా సెంటర్ మలుపులోనే, ఎందుకంటే జనం నిలబడేది అక్కడే. జనం అక్కడే ఎందుకు నిలబడతారు? వేరే చోట నీడ లేదు, ఆగే చోటని చెప్పే బోర్డు లేదు. కాబట్టి ఆటోవాణ్ని తిట్టి లాభం లేదు. ఆగే చోటును సెంటర్ దాటిన తర్వాత అరవై డెబ్బై మీటర్ల అవతల పెట్టి, అక్కడొక షెల్టరు, లైటు వేస్తే జనం అక్కడికే పోతారు, ఆటో జనం వెంటే పోతుంది. దీనికయ్యే ఖర్చు రోడ్డు వెడల్పు ఖర్చులో ఒక మూలకు కూడా రాదు.

నడిచేవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫుట్‌పాత్ మీద అడ్డం లేని జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని రూలు. పండగ రోజుల్లో చిన్నబజారులో పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిచే ఆడవాళ్లను చూడండి, అంతా రోడ్డు మీదే. ఫుట్‌పాత్ లేనప్పుడు నడిచే మనిషే రోడ్డులో ఒక మీటరు ఆక్రమిస్తాడు. అది అతని తప్పు కాదు. ఫుట్‌పాత్ వేస్తే రోడ్డు ఇరుకవుతుందని వాదించే వాళ్లను మీటింగుల్లో చాలామందిని చూశాను. ఉన్న మాట చెప్పాలంటే ఫుట్‌పాత్ వేసినప్పుడే బండికి తన దారి తనకు దక్కుతుంది.

ఇంక అసలు పెద్ద సంగతికి వస్తాను. నెల్లూరు రోడ్ల మీద కనపడే బండ్లన్నీ నెల్లూరువి కావు. ఒకవైపు కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇంకోవైపు పొదలకూరు, మరోవైపు ముత్తుకూరు, మైపాడు, దక్షిణాన వెంకటాచలం. ఈ దారులన్నిటి నుంచీ పొద్దున్నే ఆస్పత్రులకు, కాలేజీలకు, కలెక్టరాఫీసుకు, కోర్టుకు, బంగారం కొట్లకు జనం వస్తారు, సాయంత్రానికి తిరిగి పోతారు. అదొక రకం. ఊళ్లోనే ఒక పేట నుంచి ఇంకో పేటకు తిరిగే బండ్లు రెండో రకం. ఊరితో పనేమీ లేకుండా దాటిపోవడానికి వచ్చేవి మూడో రకం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. దాటిపోయే బండికి బయట దారి చూపాలి. వచ్చిపోయే మనిషికి బస్సు కావాలి, బండి పెట్టుకునే చోటు కావాలి. ఊళ్లో తిరిగేవాడికి సెంటర్లు సాఫీగా ఉండాలి. ఏ రకం ఎంత ఉందో తెలుసుకోడానికి ఓ అండ్ డీ సర్వే చేస్తారు. ఊరి పొలిమేరల్లో బండ్లు ఆపి ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడిగి రాసుకోవడం. రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఎవరు తెచ్చినా ఈ సర్వే కాగితం ఉందా అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

దాటిపోయే బండ్ల విషయంలో మన ఊరి చరిత్రే మనకు పాఠం. నా చిన్నతనంలో మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీలన్నీ ట్రంక్ రోడ్డు మీదనుంచే పోయేవి, ఆ పేరు వచ్చింది కూడా అందుకే. తర్వాత మినీ బైపాస్ వచ్చింది. ఆ తర్వాత ఇప్పటి జాతీయ రహదారి, అప్పట్లో ఐదో నంబరు, ఇప్పుడు పదహారు, ఊరిని పక్కన పెట్టి పోయింది. మరి మినీ బైపాస్ ఏమైంది? రెండు పక్కలా ఆస్పత్రులు, షోరూములు, హోటళ్లు, అపార్టుమెంట్లు వచ్చి అదొక ఊరి వీధి అయిపోయింది. పేరులో తప్ప బైపాస్ లక్షణం మిగల్లేదు. రోడ్డు పడగానే పక్కన స్థలం ధర పెరుగుతుంది, ప్రతి స్థలమూ నేరుగా రోడ్డులోకే గేటు పెట్టుకుంటుంది. ప్రతి గేటూ ఒక చిన్న జంక్షనే. రేపు ఇంకొక బయటి రింగు రోడ్డు వేసినా మొదటి రోజు నుంచే సర్వీసు రోడ్డు వేసి, గేట్లన్నీ దాని మీదికే తెరుచుకునేట్టు చేయకపోతే పదిహేనేళ్లలో అది కూడా ఇంకో మినీ బైపాసే. రోడ్డు పక్కన ఏం కట్టనిస్తాం అన్నది రోడ్డు వేసినంత ముఖ్యం. 2017లో ఏర్పడిన నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా), కార్పొరేషన్, రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాల్సిన సంగతి ఇది.

కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైన తర్వాత ఈ లెక్క ఇంకా మారింది. బద్వేలు, ఆత్మకూరు మీదుగా వచ్చే 67వ నంబరు జాతీయ రహదారి కొస కృష్ణపట్నమే. ఆ దారిలోని బుచ్చిరెడ్డిపాళెం పెన్నా నదికి ఉత్తరాన ఉంది, పోర్టు దక్షిణాన. కాబట్టి అటునుంచి వచ్చే ప్రతి లారీ పెన్నను ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. ఆ దాటే చోటు ఊరికి ఎంత దూరంగా ఉంటే ఊరికి అంత మంచిది. దీన్ని పోర్టు సమస్య, ఊరి సమస్య అని రెండు ఫైళ్లుగా విడదీసి చూస్తే రెండూ తేలవు. ట్రంక్ రోడ్డులో ఆగిపోయే ఆటోకు, పోర్టుకు పోయే లారీకి ఏం సంబంధం అనిపించవచ్చు. లారీ ఊరి అంచున ఒక కూడలిని గంటసేపు బిగించేస్తే, పొదలకూరు వైపు వాడో ముత్తుకూరు వైపు వాడో ఇంకో సందు వెతుక్కుంటాడు, ఆ సందు వచ్చి మీ వీధిలోనే తేలుతుంది.

మన ఊరికి పెన్న ఒక గోడ అయితే రైలు కట్ట రెండో గోడ. విజయవాడ–గూడూరు లైను ఊరిని నిలువునా రెండుగా చీల్చింది. అటునుంచి ఇటు రావాలంటే ఉన్నవి కొద్ది దారులే. ఆత్మకూరు బస్టాండు, విజయమహల్ గేటు, రామలింగాపురం, మాగుంట లేఅవుట్ దగ్గరి అండర్ బ్రిడ్జిలు గట్టిగా వాన పడితే నిండిపోతాయి. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంలో పడతాయి, పడితే ఆగకుండా పడతాయి. ఒక అండర్ బ్రిడ్జి మూతపడితే దాని బండ్లన్నీ పక్కదాని మీద పడతాయి. రెండు మూతపడితే ఊరే ఆగిపోతుంది. అంబులెన్స్ అయినా ఆగాల్సిందే.

నన్నడిగితే నెల్లూరులో మొదటి రూపాయి ఇక్కడ పెట్టాలి. వంతెన కింద పడే వాన నీళ్లు కొంచెమే. ముంచేది రెండు వైపుల రోడ్ల మీద నుంచి జారి వచ్చే నీళ్లు. దిగుడు మొదలయ్యే చోట రోడ్డును కాస్త ఎత్తు చేసి, అడ్డంగా జాలీ కాలువ వేసి, ఆ నీళ్లను పక్క డ్రెయినులోకి తిప్పితే సగం పని అయినట్టే. మిగిలిన నీటికి లోతైన సంపు, రెండు మోటార్లు, కరెంటు పోయినా నడిచేట్టు జనరేటరు. వాన పడేటప్పుడే కరెంటు పోతుంది గదా. మోటారు తోడిన నీళ్లు పోయే డ్రెయిను నిండి ఉంటే అవి తిరిగి సంపులోకే వస్తాయి కాబట్టి ఆ డ్రెయిను పూడిక సెప్టెంబరు లోపల తీయాలి. నవంబరులో టెండరు పిలిస్తే ప్రయోజనం లేదు.

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. పెన్న పొంగి కోవూరు వైపు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మద్రాసుకూ విజయవాడకూ మధ్య రోడ్డు, రైలు రెండూ ఒకే చోట తెగాయి. పాలు, కూరగాయలు, మందులు మోసే బండ్లు మైళ్ల కొద్దీ నిలబడిపోయాయి. ఒక ప్రాంతానికి దారి ఎంత వెడల్పుగా ఉంది అన్నదానికంటే ఎన్ని దారులున్నాయి అన్నది ఎంత ముఖ్యమో ఆ రోజు అందరం చూశాం. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన నెల్లూరు బ్యారేజీ మీద రోడ్డు కూడా ఉండడం అందుకే మంచి పని. దానికి రెండు కొసలా కలిసే రోడ్లు కూడా సరిగ్గా ఉండాలి. అవి ఇరుకైతే వంతెన మీద ఎంత జాగా ఉన్నా వాడుకునే దారి లేదు.

ఫ్లైఓవర్ సంగతి అడిగారు. రైలు కట్ట దాటడానికైతే వంతెన కచ్చితంగా వేయాలి. గేటు దగ్గర రోజుకు పోయే రైళ్ల సంఖ్యను రోడ్డు బండ్ల యూనిట్లతో గుణిస్తే వచ్చేదాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చు పెట్టుకుని వంతెన కట్టే పద్ధతి ఉంది. కానీ బజారు రోడ్డు మీద, ట్రంక్ రోడ్డు లాంటి చోట ఫ్లైఓవర్ నాకు నచ్చదు. ఫ్లైఓవర్ ఉపయోగపడేది ఆగకుండా దాటిపోయే బండికి. ట్రంక్ రోడ్డుకు వచ్చే వాళ్లలో ఎక్కువమంది అక్కడ ఆగడానికే వస్తారు, మీ షాపుకు వచ్చే మనిషితో సహా. వాళ్లకు ఆ వంతెనతో పనిలేదు. పైగా స్తంభాలకు, ఎక్కే దిగే వాలులకు కింద రోడ్డే పోతుంది. దిగిన చోట తర్వాతి సెంటర్ తూము అదే ఐదు మీటర్లయితే క్యూ వంతెన మీదికి ఎక్కుతుంది.

దీనికంటే లారీల వేళలు మార్చడం మేలు చేస్తుంది. స్టోన్‌హౌస్‌పేట, చిన్నబజారు, పెద్దబజారు హోల్‌సేల్ సరుకు దించుకునేది పట్టపగలే. పది టన్నుల లారీ సందులో అడ్డంగా నిలబడి హమాలీలు రెండు గంటలు దించుతారు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు లోపల దించుకోవాలంటే వ్యాపారులు ఒప్పుకోరు. రాత్రి కూలి ఎక్కువ, గోడౌను తాళం తీసే మనిషి కావాలి. వాళ్ల బాధ కూడా న్యాయమైనదే. అందుకే ఊరి బయట లారీ స్టాండు, గోడౌన్లు ఇచ్చి, అక్కడి నుంచి చిన్న ట్రాలీ ఆటోల్లో లోపలికి తెచ్చుకునే ఏర్పాటు చేసి, ఆ తర్వాతే వేళలు కట్టడి చేయాలి. ఏర్పాటు లేకుండా కట్టడి పెడితే నెల రోజులు కూడా నిలవదు.

ఇదంతా అయ్యే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. రొట్టెల పండగ చూడండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు లక్షల్లో జనం వస్తారు. ఎక్కడెక్కడి బండ్లకు ఎక్కడ పార్కింగో ముందే నిర్ణయిస్తారు, భారీ వాహనాలను బయటే మళ్లిస్తారు, నడిచే దారి వేరే కడతారు. పోలీసు, కార్పొరేషన్, ఆర్టీసీ కలిసి కూర్చుని రాసుకున్న ప్లాను అది. అందుకే అంత జనం వచ్చినా ఊరు నడుస్తుంది. రోడ్డు ఒక్క అడుగు కూడా వెడల్పు కాదు. ఆ మనుషులే, ఆ ఊరే. పండక్కి చేసిన దాంట్లో పదో వంతు రోజూ చేస్తే సాయంత్రం ట్రంక్ రోడ్డు వేరేగా ఉంటుంది.

బస్సు గురించి ఒక్క మాట. యాభై మందిని మోసే బస్సుకు రోడ్డు మీద మూడు పీసీయూల జాగా చాలు. అదే యాభై మంది బైకుల మీద, బండికి ఒకటిన్నర మనిషి చొప్పున వస్తే ముప్పై మూడు బైకులు, 17 నుంచి 25 పీసీయూలు. వాటిని నిలబెట్టుకోడానికి జాగా వేరే. కోవూరు, బుచ్చి, వెంకటాచలం, ముత్తుకూరు వైపులకు పది నిమిషాలకొక చిన్న బస్సు నమ్మకంగా తిరిగితే రోడ్డు దానంతట అదే వెడల్పవుతుంది. నమ్మకంగా అన్న మాటే ముఖ్యం. అరగంట చూసినా రాని బస్సు కోసం ఎవరూ బైకు మానుకోరు.

తోపుడు బండ్ల వాళ్లను తరిమేస్తే సరిపోతుందని కొందరంటారు. అది న్యాయం కాదు, చట్టం కూడా ఒప్పదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లకు చోటు చూపాలి. సెంటర్‌కు ముందున్న ఆ యాభై మీటర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు, బండికి గానీ బైకుకు గానీ. ఆ యాభై మీటర్లు వదిలి అవతల వాళ్లకు గుర్తులు వేసి చోటిస్తే వాళ్ల బతుకూ నడుస్తుంది, రోడ్డూ నడుస్తుంది.

మరి వెడల్పు ఎప్పుడు చేయాలి? సెంటర్ మూతుల దగ్గర ఇప్పుడే చేయాలి. అక్కడ నలుగురైదుగురి స్థలం తీసుకున్నా ఊరంతటికీ ఫలితం ఉంటుంది. మిగతా పొడవునా మాస్టర్ ప్లాన్ గీత ప్రకారం ఎవరు పాత కట్టడం తీసి కొత్తగా కట్టుకుంటే వాళ్ల దగ్గర అప్పుడు స్థలం వదిలించుకుంటూ పోవాలి. పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. కానీ ఎవరి కడుపూ కొట్టకుండా అవుతుంది. ఒకేసారి తీయక తప్పకపోతే వరస మాత్రం తప్పకూడదు. ముందు డ్రెయిను, తర్వాత నీటి పైపులు, కేబుళ్లు, కరెంటు స్తంభాలు, చివర్న తారు. నేను ఒంగోలులో కొన్నేళ్లు ఉన్నాను. అక్కడ పోతురాజు కాలువ సంగతి తేల్చకుండా ఏ రోడ్డు గురించి మాట్లాడినా వృథా అని ఒక్క వానాకాలంలోనే తెలిసొచ్చింది. నీళ్లకు దారి చూపని రోడ్డు ఎంత వెడల్పైనా రెండు వానలకు గుంతలే.

ఇంక మీ స్థలం సంగతి. స్థలం తీసుకునే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి 2013 భూసేకరణ చట్టం. దాని కింద తీసుకుంటే రిజిస్ట్రేషన్ విలువ గానీ, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు గానీ, ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. కట్టడం విలువ కలుస్తుంది. ఆ మొత్తానికి సమానంగా సొలేషియం అనే అదనపు పరిహారం ఇస్తారు, అంటే పట్టణంలో దాదాపు రెట్టింపు. రెండోది టీడీఆర్ బాండు. మీరు వదిలిన స్థలానికి బదులుగా వేరే చోట అదనంగా కట్టుకునే హక్కును కాగితం మీద ఇస్తారు. మీరే వాడుకోవచ్చు, బిల్డరుకు అమ్ముకోవచ్చు. కార్పొరేషన్‌కు చేతి డబ్బు పడదు కాబట్టి వాళ్లు దీన్నే ముందు పెడతారు. బాండు చెడ్డదని నేననను. కానీ దాని విలువ కొనేవాడిని బట్టి ఉంటుంది. పెద్ద పెద్ద కట్టడాలు జోరుగా లేచే ఊళ్లో మంచి ధర వస్తుంది. మన ఊళ్లో ఇప్పుడు కొంటున్నారా, ఎంతకు కొంటున్నారు అని ఇద్దరు బిల్డర్లను అడిగి తెలుసుకోండి. మీకు పైన ఇంకో అంతస్తు వేసుకునే ఆలోచన ఉంటే బాండు మీకే పనికిరావచ్చు.

మీ పక్క షాపుల్లో అద్దెకున్న వాళ్ల సంగతి కూడా మరచిపోవద్దు. సొంతదారుకు ఏదో ఒక పరిహారం వస్తుంది. పదేళ్లుగా అద్దెకుండి గిరాకీ కట్టుకున్న వాడు చాలాచోట్ల తన పేరు ఏ జాబితాలోనూ లేకుండానే రోడ్డున పడతాడు. మీరంతా కలిసి పోయేటప్పుడు వాళ్లను కూడా వెంటబెట్టుకుని పోండి.

మార్కింగ్ వేయడానికి వస్తే కంగారు పడకండి, కోప్పడకండి. కొలత ఎక్కడి నుంచి వేస్తున్నారో అడగండి. మాస్టర్ ప్లాన్ వెడల్పును రోడ్డు మధ్య గీత నుంచి రెండు వైపులా సమంగా కొలవాలి, ఇప్పుడున్న డ్రెయిను అంచు నుంచి వేస్తే ఒకవైపు వాళ్లకు ఎక్కువ పోతుంది. రోడ్డు పొడవునా ఎవరి స్థలం ఎంత పోతుందో చూపే స్ట్రిప్ ప్లాన్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అదే అర్జీలో మూడు సంగతులు కలిపి అడగండి. ఈ రోడ్డు మీద ట్రాఫిక్ లెక్కింపు ఎప్పుడు చేశారు, రెండు కొసల సెంటర్ల డిజైను ఏమిటి, స్తంభాలు మార్చడానికి, డ్రెయినుకు ఎస్టిమేట్‌లో ఎంత పెట్టారు. పరిహారం ఏ పద్ధతిలో ఇస్తారో కాగితం మీద రాకముందు సమ్మతి పత్రం మీద మాత్రం సంతకం చేయకండి. దస్తావేజు, పాత ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి. టేపు పట్టుకుని మీ షాపు ముఖం, లోతు కొలిచి రాసుకోండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి.

ఇంకొక పని. ఒక సోమవారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మీ దగ్గరి సెంటర్లో నలుగురు కాలేజీ పిల్లల్ని నోటు పుస్తకాలతో నిలబెట్టండి. ఒక్కో వైపు ఒక్కొక్కరు. బైకు, ఆటో, కారు, బస్సు, లారీ అని ఐదు గడులు గీసి, దాటిన ప్రతి బండికీ ఒక గీత. పచ్చలైటు ఎన్ని సెకన్లు వెలిగింది, అది ఆరేటప్పటికి ఇంకా ఎన్ని బండ్లు మిగిలిపోయాయి అన్నది కూడా రాయించండి. గీత దగ్గర ఖాళీగా ఉన్న వెడల్పును టేపుతో కొలవండి. ఆ కాగితాలు నాకు పంపితే కూర్చుని పీసీయూ లెక్క కట్టి, ఆ సెంటర్‌కు ఎన్ని మీటర్ల మూతి కావాలో, అందుకు ఎవరి స్థలమైనా అసలు తీయాల్సి వస్తుందో లేదో రాసి పంపిస్తాను. అర్జీతో పాటు ఆ కాగితం కూడా జత చేయండి.